వైన్ షాపు, బార్, బీరు తయారీ, కల్లు: మద్యం లైసెన్సుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జిల్లా కేంద్రంలో చిన్న వ్యాపారులకు లెక్కలు రాసిపెట్టడం, దరఖాస్తులు నింపిపెట్టడం నా పని. రెండేళ్ళకోసారి వైన్ షాపుల నోటిఫికేషన్ రాగానే మా ఆఫీసు ముందు జనం గుమిగూడతారు. చాలామంది అప్పటికే డబ్బు సర్దుకుని వచ్చి, ఆ తర్వాత నిబంధనలు అడుగుతారు. ఆ వరస తిరగబడాలన్నది నా కోరిక. డబ్బు తేకముందే తెలుసుకోవాల్సినవన్నీ ఇక్కడ రాశాను. ప్రధానంగా తెలంగాణ గురించి, అవసరమైన చోట ఆంధ్రప్రదేశ్ గురించి చెప్పాను.

లైసెన్సు ఇచ్చేది కేంద్రమా, రాష్ట్రమా?

రాష్ట్రమే. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 8వ అంశం మత్తు పానీయాల తయారీ, రవాణా, నిల్వ, కొనుగోలు, అమ్మకం అన్నింటినీ రాష్ట్రాలకు అప్పగించింది. మద్యంపై ఎక్సైజ్ సుంకం వేసే అధికారం కూడా రాష్ట్రానిదే. అందుకే హైదరాబాద్‌లో ఉన్న నియమం విజయవాడలో ఉండదు, బెంగళూరులో మరొకటి ఉంటుంది. మన రెండు రాష్ట్రాలకూ మూలం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దాన్నే తన పేరుతో అన్వయించుకుంది. చట్టం ఒకటే అయినా దాని కింద వచ్చే పాలసీలు, రూల్స్, జీవోలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. పాత దుకాణదారు చెప్పిన మాట నమ్మి దిగొద్దు. ఆయన చెప్పేది ఆయన కాలం నాటి పాలసీ.

లైసెన్సు వచ్చాక అది నా హక్కే కదా?

కాదు. అందరికంటే ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే. కిరాణా కొట్టు పెట్టుకోవడం లాంటిది కాదు ఇది. మద్యం వ్యాపారం చేయడం పౌరుడి ప్రాథమిక హక్కు కాదని 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ప్రభుత్వం ఆ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించవచ్చు, తానే నడపవచ్చు, షరతులు పెట్టి మీకు ఇవ్వవచ్చు. పైగా రాజ్యాంగం 47వ అధికరణ మద్యనిషేధం వైపు కృషి చేయమని రాజ్యానికి చెబుతోంది. శాఖ పేరే ‘ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్’ అని ఉండటం గమనించండి.

ఇవి కాగితం మీద మాటలే అనుకోకండి. మన దగ్గర రెండుసార్లు జరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ లాంటి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధమైంది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఆ తర్వాత 2019 అక్టోబర్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు దుకాణాలు మూతపడి, ప్రభుత్వ కార్పొరేషనే కౌంటర్లు నడిపింది. ఐదేళ్ళకు, 2024 అక్టోబర్‌లో మళ్ళీ ప్రైవేటు వాళ్ళ చేతికి వచ్చింది. ఆ మధ్యలో ఇల్లు కుదువపెట్టి దుకాణం నడుపుతున్న వాళ్ళ పరిస్థితి ఊహించండి. లైసెన్సు అంటే కాలపరిమితి ఉన్న అనుమతి మాత్రమే. రెండేళ్ళలో తీరని అప్పు చేసి ఇందులోకి రావద్దని నేను అందరికీ చెబుతాను.

ఏ4, 2బీ అని అంటుంటారు. అవేంటి?

ఏ4 అంటే మనం ‘వైన్స్’ అని పిలిచే చిల్లర దుకాణం. సీసా సీలు తీయకుండా అమ్మాలి. పక్కన కూర్చుని తాగే పర్మిట్ రూమ్ కావాలంటే దానికి వేరే ఫీజు ఉంటుంది. 2బీ అంటే బార్ అండ్ రెస్టారెంట్. అక్కడ పెగ్గు లెక్కన పోసి అమ్మవచ్చు, కానీ ఇంటికి కట్టివ్వడానికి అది దుకాణం కాదు. క్లబ్బులకు, పర్యాటక హోటళ్ళకు, తయారీదారులకు వేర్వేరు లైసెన్సులున్నాయి. ఒక లైసెన్సుతో మరో లైసెన్సు పని చేయకూడదు. వీటన్నింటికీ తోడు ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు కూడా తీసుకోవాలి. ఆహార భద్రత చట్టం కింద మద్యం కూడా ఆహార పదార్థమే.

డ్రా ఎలా జరుగుతుంది? అందులో రావడానికి అవకాశం ఎంత?

21 ఏళ్ళు నిండినవాళ్ళు, ఎక్సైజ్ బకాయిలు, నేరశిక్షలు లేనివాళ్ళు దరఖాస్తు చేయవచ్చు. ఒక్కొక్కరు ఎన్ని దరఖాస్తులైనా వేసుకోవచ్చు. అందరి ముందూ, కలెక్టర్ ఆధ్వర్యంలో చీటీ తీస్తారు. తెలంగాణలో మొత్తం 2,620 దుకాణాలున్నాయి. వాటిలో 15 శాతం గౌడ కులస్తులకు, 10 శాతం ఎస్సీలకు, 5 శాతం ఎస్టీలకు రిజర్వేషన్.

ఇప్పుడు అసలు సంగతి. దరఖాస్తు ఫీజు తిరిగి రాదు. షాపు వచ్చినా రాదు, రాకపోయినా రాదు. 2023లో అది 2 లక్షలు. ఆ ఏడాది 1.31 లక్షల పైచిలుకు దరఖాస్తులు వచ్చి, ఒక్క దుకాణమూ తెరుచుకోకముందే ప్రభుత్వానికి 2,600 కోట్లకు పైగా జమైంది. 2025లో ఫీజు 3 లక్షలు చేశారు. దరఖాస్తులు 95 వేల పైచిలుకుకు తగ్గాయి, ఆదాయం మాత్రం 2,800 కోట్లు దాటింది. లెక్క వేసుకోండి: సగటున ఒక్కో దుకాణానికి 36 మంది. అంటే 35 మంది 3 లక్షలు వదులుకుంటే ఒకరికి షాపు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 3,396 దుకాణాలకు 89,882 దరఖాస్తులు, ఒక్కోదానికి 2 లక్షలు. అక్కడా 26 మందిలో ఒకరికే.

మా చిన్నాన్న కొడుకు పోయినసారి పదకొండు మంది స్నేహితులతో కలిసి తలా 25 వేలు వేసుకున్నాడు. అందులో ఇద్దరు ఆ డబ్బు కోసం భార్యల గొలుసులు తాకట్టు పెట్టారని నాకు డ్రా అయిపోయాక తెలిసింది. చీటీ వాళ్ళకు తగల్లేదు. ముందే తెలిసి ఉంటే నేను ఆ దరఖాస్తు నింపేవాణ్ణి కాదు. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరినీ ఒకటే అడుగుతున్నాను: ఈ 3 లక్షలు రేపు పోయాయనుకుంటే మీ ఇంట్లో ఎవరి చదువు, ఎవరి వైద్యం ఆగుతుంది? ఎవరిదీ ఆగదంటేనే కాగితం తీస్తాను.

మద్యం సిండికేట్లు వందల దరఖాస్తులు వేస్తాయి. పోయేవి వాళ్ళకు ఖర్చు లెక్కలో పడిపోతాయి. ఒక్క దరఖాస్తుతో దిగేవాడికి ఆ వెసులుబాటు లేదు.

షాపు వచ్చింది. ఇప్పుడు ఎంత కట్టాలి?

తెలంగాణలో లైసెన్సు ఫీజు ఊరి జనాభాను బట్టి ఉంటుంది. 5 వేల లోపు జనాభా ఉంటే ఏడాదికి 50 లక్షలు, 20 లక్షలు దాటిన నగరంలో 1.10 కోట్లు, మధ్యలో రకరకాల శ్లాబులు. దాన్ని వాయిదాల్లో కడతారు. మొదటి వాయిదా, ఏడాది ఫీజులో ఆరో వంతు, డ్రా రోజో మర్నాడో కట్టేయాలి. అంటే 50 లక్షల శ్లాబులో కూడా ఎనిమిది లక్షలకు పైగా చేతిలో సిద్ధంగా ఉండాలి. బ్యాంకు గ్యారంటీ, షాపు అద్దె అడ్వాన్సు, ర్యాకులు, సీసీ కెమెరాలు, మొదటి లోడు సరుకు దీనికి అదనం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 పాలసీ ప్రకారం శ్లాబులు 50 లక్షల నుంచి 85 లక్షల వరకు ఉన్నాయి. అక్కడ కల్లుగీత కులాలకు 340 దుకాణాలు కేటాయించి, వాళ్ళకు ఫీజు సగానికి తగ్గించారు.

డ్రాలో పేరు రాగానే బ్యాండు మేళం పెట్టి, రెండో రోజు ఫీజుకు డబ్బు పుట్టక దిక్కులు చూసినవాళ్ళను చూశాను. ఆ టెన్షన్‌లో నూటికి నాలుగైదు రూపాయల వడ్డీకి ఒప్పుకుంటారు. లాభం అక్కడే సగం పోతుంది.

లాభం 20 శాతం అంటారు, నిజమేనా?

ప్రకటించే మార్జిన్ ఒకటి, మిగిలేది ఒకటి. తెలంగాణలో లైసెన్సు ఫీజుకు పది రెట్ల అమ్మకం దాటాక ఆ పైన అమ్మినదానిపై మార్జిన్ తగ్గిపోతుంది. అందులోంచి అద్దె, జీతాలు, కరెంటు, పగిలిన సీసాలు, వడ్డీ పోవాలి. మీ ప్రాంతంలో పోయిన రెండేళ్ళలో ఆ దుకాణం ఎంత సరుకు ఎత్తిందో తెలుసుకోండి. నోటిఫికేషన్ కాలంలో ఆ వివరాలు తెలుసుకోవడం కష్టం కాదు. లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టండి, పక్కింటాయన మాట నుంచి కాదు.

కంపెనీ దగ్గర నేరుగా కొంటే చవక కాదా?

కుదరదు. తెలంగాణలో టోకు వ్యాపారం మొత్తం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌దే. కంపెనీలు సరుకు కార్పొరేషన్‌కు అమ్ముతాయి, మీరు ముందు డబ్బు కట్టి మీకు కేటాయించిన డిపో నుంచి ఎత్తుకోవాలి. ప్రతి సీసా మూతపై హోలోగ్రామ్ ఉంటుంది. అది లేని సీసా, వేరే రాష్ట్రానికి కేటాయించిన సీసా మీ ర్యాకులో దొరికితే కేసు. గోవా నుంచో, యానాం నుంచో తెచ్చిన చవక సరుకు కలిపి అమ్ముదామని ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషికి దూరంగా ఉండండి.

కొనేవాడు ఒక్కడే అయితే తయారీదారుకూ ఇబ్బందే. 2025 జనవరిలో బకాయిలు, ధర పెంపు విషయంలో యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు బీరు సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కొద్ది రోజుల్లో సరఫరా మొదలైంది. ఫిబ్రవరిలో ప్రభుత్వం బీరు ధర 15 శాతం పెంచడానికి ఒప్పుకుంది. కంపెనీ తన ధర తాను నిర్ణయించుకోలేదు.

షాపు నా పేరు మీద వచ్చింది, గుడ్‌విల్ తీసుకుని వేరేవాళ్ళకు ఇచ్చేయవచ్చా?

డ్రా అయిన సాయంత్రానికే ఈ బేరాలు మొదలవుతాయి. ఎక్సైజ్ శాఖ అనుమతి లేకుండా లైసెన్సు చేతులు మారకూడదు. నోటి మాట మీద ఇచ్చేస్తే లోపల ఏం జరిగినా కేసు మీ పేరు మీదే. కల్తీ దొరికినా, మైనర్‌కు అమ్మినా, ఫీజు ఎగ్గొట్టినా నోటీసు వచ్చేది మీ ఇంటికే. భాగస్వాములను చేర్చుకోవాలంటే ఎక్సైజ్ సూపరింటెండెంట్ దగ్గర దరఖాస్తు పెట్టి, రాతపూర్వకంగా చేయండి.

దుకాణం ఎక్కడ పెట్టాలి?

మీకు కేటాయించిన ప్రాంతం హద్దుల్లోనే పెట్టాలి. గుర్తింపు ఉన్న బడి, ఆసుపత్రి, దేవాదాయ శాఖ లేదా వక్ఫ్ బోర్డు కింద నమోదైన ప్రార్థనా స్థలం నుంచి 100 మీటర్ల దూరం ఉండాలి. రహదారుల సంగతి సుప్రీంకోర్టు తేల్చింది. 2016 డిసెంబర్ తీర్పు ప్రకారం జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదు. 2017 మార్చిలో, 20 వేల లోపు జనాభా ఉన్న చోట దాన్ని 220 మీటర్లకు తగ్గించారు. అదే ఏడాది జూలైలో, మునిసిపల్ పరిధిలోని లైసెన్సులకు ఆ ఆంక్ష వర్తించదని స్పష్టత ఇచ్చారు. అద్దె అగ్రిమెంటు రాసుకునే ముందే టేపు పట్టి కొలవండి. ఇల్లు గలాయన ‘ఏం కాదులే’ అంటే నమ్మొద్దు.

చట్టం ఒప్పుకున్నా ఊరు ఒప్పుకోని చోట పెట్టొద్దన్నది నా మాట. బస్టాండులో ఆడపిల్లలు కాలేజీ బస్సు ఎక్కే చోట ఎదురుగా షట్టర్ దొరికిందని సంబరపడితే, మూడో నెలలో ధర్నా ఎదుర్కోవాల్సి ఉంటుంది. ఆ ధర్నా చేసేవాళ్ళ బాధ నిజమైనది.

వేళలు, సెలవులు?

తెలంగాణలో దుకాణాలు ఉదయం 10 నుంచి రాత్రి 10 వరకు, హైదరాబాద్ నగరపాలక సంస్థ పరిధిలో 11 వరకు. ఆంధ్రప్రదేశ్‌లో 10 నుంచి 10. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 డ్రై డేలు. ఎన్నికలప్పుడు పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు మూసేయాలి. ఇది 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం చెప్పిన నియమం. రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్ళు నిండనివాళ్ళకు అమ్మకూడదు. ‘మా నాన్న పంపాడు’ అని వచ్చే పిల్లాడికి కూడా.

ఎమ్మార్పీ మీద పది రూపాయలు వేసుకుంటే ఏమవుతుంది? బెల్టు షాపులకు ఇవ్వవచ్చా?

రెండూ తప్పే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 పాలసీ వచ్చినప్పుడు, మొదటిసారి దొరికితే 5 లక్షల జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు అని ప్రకటించారు. బెల్టు షాపు అంటే లైసెన్సు లేకుండా ఊళ్ళో కిరాణా కొట్టులోనో, ఇంట్లోనో సీసాలు పెట్టి అమ్మడం. దానికి సరుకు వెళ్ళేది లైసెన్సు ఉన్న దుకాణం నుంచే. అమ్మకాలు పెరుగుతాయని చాలామంది కళ్ళు మూసుకుంటారు. కూలి డబ్బు ఇంటికి చేరకముందే వీధి చివర ఖర్చయ్యేది ఆ బెల్టు షాపుల వల్లే. వైన్స్ కోసం రెండు కిలోమీటర్లు పోవాల్సిన మనిషి రోజూ పోడు. పక్కింట్లోనే దొరికితే రోజూ పోతాడు. మీకు లైసెన్సు ఉంటే దయచేసి ఆ పని చేయకండి. మీ ఊళ్ళో నడుస్తుంటే ఎక్సైజ్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి.

డిస్టిలరీ పెట్టాలంటే?

ఇది లక్షల్లో తేలే వ్యవహారం కాదు, ఏళ్ళూ పడుతుంది. తాగే మద్యం తయారీ రాష్ట్రం చేతిలోనే ఉంది. 2016లో పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టాన్ని సవరించి, కేంద్రం దాన్ని తన పరిధి నుంచి తీసేసింది. 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, పారిశ్రామిక ఆల్కహాల్‌పై కూడా రాష్ట్రాలకు నియంత్రణ అధికారం ఉందని 8-1 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. 2006 నోటిఫికేషన్ ప్రకారం డిస్టిలరీకి పర్యావరణ అనుమతి తప్పనిసరి. కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో ఇది రెడ్ కేటగిరీ, అంటే కాలుష్యం ఎక్కువగా ఉండే పరిశ్రమ. లోపల ఎక్సైజ్ సిబ్బంది ఉంటారు. స్పిరిట్ ఎంత వచ్చింది, ఎంత బాట్లింగ్‌కు పోయింది, ఎంత ఆవిరైంది, అన్నీ వాళ్ళ లెక్కల్లోకి ఎక్కాలి. ప్రతి బ్రాండుకూ, ప్రతి లేబులుకూ విడిగా అనుమతి కావాలి. మన దగ్గర విస్కీ, బ్రాందీ సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్‌తో ఉంటుంది. ‘మద్యం సేవించడం ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపవద్దు’ అనే అర్థం వచ్చే హెచ్చరిక సీసాపై ఉండాలని 2019 ఏప్రిల్ నుంచి ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన.

మైక్రోబ్రూవరీ అయితే సులువేనా?

డిస్టిలరీతో పోలిస్తే సులువే. తెలంగాణ 2015లో దీనికి నిబంధనలు తెచ్చింది. బీరును అక్కడే కాచి, అక్కడే గ్లాసుల్లో పోసి అమ్మాలి. సీసాల్లో నింపి దుకాణాలకు పంపకూడదు. మొదట హైదరాబాద్‌కే పరిమితమైన ఈ అవకాశాన్ని తర్వాత ఇతర నగరాలకూ విస్తరించారు.

ఇంట్లో ద్రాక్ష వైన్ చేసుకోవచ్చా?

వీడియోలు చూసి చాలామంది అడుగుతున్నారు. లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం ఎక్సైజ్ చట్టం 34వ సెక్షన్ కింద నేరం. అమ్మకపోయినా నేరమే. నల్లబెల్లం, పటికతో కాసే గుడుంబాకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ శిక్షకంటే ముందు ప్రాణానికే ముప్పు.

కల్లు అమ్మడానికి లైసెన్సు కావాలా?

కావాలి. గీత కార్మికుల సహకార సంఘాలకు ఒక రకం, సొంతంగా చెట్లు గీసుకునే కార్మికులకు టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్స్) అనే మరో రకం ఉన్నాయి. ఏ చెట్టు ఎవరిదో నంబర్లతో సహా నమోదవుతుంది. తెలంగాణలో చెట్టు పన్ను ఎత్తేశారు. 2014లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మళ్ళీ తెరుచుకున్నాయి. 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో చెట్టెక్కేవాళ్ళకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలైంది. మోకు, ముస్తాదుతో చెట్టెక్కి, జారిపడి నడుము విరిగిన మనుషులు మా వైపు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ఆ కిట్టు మీ ఊరి సంఘానికి అందిందో లేదో అడగండి.

లైసెన్సు ఉన్నా కల్తీ కల్లు అమ్మడం తీవ్రమైన నేరం. చెట్లు సరిపోక క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, ఆల్ప్రాజోలం కలుపుతారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, ఎందరో ఆసుపత్రి పాలయ్యారు. తాటి, ఈత చెట్టు నుంచి వచ్చిన లొట్టి కల్లు వేరు, ఆ మత్తుమందు నీళ్ళు వేరు. రెండింటికీ ఒకే పేరు పెట్టడం గీత కార్మికుడికి అన్యాయం.

మాది ఏజెన్సీ గ్రామం. ఇక్కడ ఎవరు తీసుకోవచ్చు?

తెలంగాణలో షెడ్యూల్డ్ ప్రాంతాల దుకాణాలు ఎస్టీలకే. 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల) చట్టం ప్రకారం మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉంది. దుకాణం పెట్టాలా వద్దా అన్న తీర్మానం రోజున సభకు ఆడవాళ్ళు కూడా వచ్చేలా చూసుకోండి. ఎస్టీ పేరు మీద లైసెన్సు తీసి వెనక మైదానం వాళ్ళు నడిపే బినామీ ఏర్పాటుకు మాత్రం సంతకం పెట్టొద్దు.

జీఎస్టీ ఉంటుందా?

తాగే మద్యం జీఎస్టీలోకి రాదు. దానిపై ఎక్సైజ్ సుంకం, వ్యాట్ ఉంటాయి. బార్‌లో వడ్డించే భోజనానికి మాత్రం జీఎస్టీ కట్టాలి. అందుకే బిల్లు రెండు భాగాలుగా ఉంటుంది.

పెళ్ళిలో విందుకు మందు పోయాలంటే?

ఒక రోజుకు ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. తెలంగాణలో ఈపీ1 అంటారు, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. ఫంక్షన్ హాలు వాళ్ళు ‘మేం చూసుకుంటాం’ అన్నా సరే, పర్మిట్ కాగితం మీ పేరుతో ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. సరుకు లైసెన్సు ఉన్న దుకాణం నుంచే కొని, బిల్లు దగ్గర పెట్టుకోండి.